గ్రహణం ఫోటోలను ఎంతవరకు నమ్మవచ్చు?

చంద్రగ్రహణం వచ్చిన ప్రతిసారీ ఆకాశంలో ఒక చంద్రుడు, మన ఫోన్లలో వేల చంద్రులు కనిపిస్తారు. 2025 సెప్టెంబరు 7 రాత్రి దేశమంతటా సంపూర్ణ చంద్రగ్రహణం కనిపించింది. అటువంటి రాత్రులు గడిచి తెల్లవారేసరికి ఎర్రని చంద్రుడి చిత్రాలు, గుడి గోపురం మీద కూర్చున్నట్లున్న పెద్ద చంద్రుడి చిత్రాలు, పళ్లెంలో నిటారుగా నిలబడిన రోకలి చిత్రాలు, వాటితోపాటు పెదవి చీలి పుట్టిన పసిబిడ్డల చిత్రాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ప్రతి చిత్రం కింద ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం చివర సాధారణంగా ఒక ఆజ్ఞ ఉంటుంది: తినవద్దు, తాగవద్దు, కదలవద్దు, మందు వేసుకోవద్దు.

ఖగోళశాస్త్రం నా వృత్తి కాదు. అయినా ఈ విషయం ఆరోగ్య వ్యాసాల మధ్యకు రావలసిన అవసరం ఉంది. ఫోటోను చూసి ఆనందించి ఊరుకునేవారికి దానివల్ల ఏ హానీ లేదు. ఫోటోను సాక్ష్యంగా తీసుకుని దాని కింది ఆజ్ఞను పాటించేవారిలో గర్భిణులు, మధుమేహ రోగులు, వృద్ధులు ఉన్నారు. అందువల్ల ఫోటోను పరీక్షించడం కూడా ఆరోగ్య రక్షణలో ఒక భాగమే.

నా అభిప్రాయాన్ని ముందుగానే చెబుతాను. ఇటువంటి చిత్రం చేతికి వచ్చినప్పుడు మనం రెండు వేర్వేరు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, ఈ ఫోటో నిజమైనదేనా? రెండవది, నిజమైనదే అయితే, దానితో చెబుతున్న మాటకు అది రుజువు అవుతుందా? చదువుకున్నవారు కూడా మొదటి ప్రశ్నతోనే ఆగిపోతున్నారు. నకిలీ ఫోటోలకంటె అసలైన ఫోటోలకు తగిలించిన అబద్ధపు వాక్యాలే ప్రజారోగ్యానికి ఎక్కువ చేటు చేస్తున్నాయని నేను భావిస్తున్నాను.

ఎక్స్‌రే నేర్పే క్రమశిక్షణ

వైద్య విద్యార్థి చేతికి ఎక్స్‌రే ఫిల్మ్ ఇస్తే అతని చూపు మొదట ఎముక మీదకు పోతుంది. గురువు అతన్ని ఆపి, ముందు మూలన ఉన్న పేరు చదవమంటాడు. పేరు, వయస్సు, తేదీ, కుడి ఎడమలను తెలిపే గుర్తు, ఈ నాలుగూ చూసిన తరువాతే ఎముక. ఫిల్మ్ ఎంత స్పష్టంగా ఉన్నా అది వేరొక రోగిది అయితే దానికి విలువ లేదు. నిరుటి ఫిల్మ్‌ను నేటి ఫిల్మ్ అనుకుంటే చికిత్సే మారిపోతుంది. ఫిల్మ్‌ను తిరగేసి చూస్తే ఎడమ కాలికి చేయవలసిన శస్త్రచికిత్స కుడి కాలికి జరిగే ప్రమాదం ఉంది.

గ్రహణం ఫోటోకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. చిత్రంలోని చంద్రుడిని చూడకముందే మూడు వివరాలు అడగండి. ఎప్పుడు తీశారు? ఎక్కడినుంచి తీశారు? ఎవరు తీశారు? ఈ మూడింటికీ సమాధానం లేని ఫోటో పేరు లేని ఎక్స్‌రే వంటిది. అందంగా ఉండవచ్చు, సాక్ష్యం మాత్రం కాజాలదు.

సమయం, స్థలం, ఎత్తు

చంద్రగ్రహణానికి ఒక సౌలభ్యం ఉంది. సూర్యగ్రహణం ఊరు మారితే మారుతుంది. ఒకచోట సంపూర్ణంగా, మరొకచోట పాక్షికంగా కనిపిస్తుంది. చంద్రగ్రహణం అలా కాదు. భూమి నీడ నేరుగా చంద్రుడి మీదనే పడుతుంది గనుక, చంద్రుడు కనిపించే ప్రతి ఊరివారికీ ఒక నిమిషంలో ఒకే దశ కనిపిస్తుంది. రాత్రి పదిన్నరకు విశాఖపట్టణంలో చంద్రుడు ఎంత మేర మరుగుపడితే ఆదిలాబాదులోనూ అంతే మరుగుపడతాడు. కాబట్టి సమయం తెలిస్తే ఫోటోను సులభంగా పరీక్షించవచ్చు.

2025 సెప్టెంబరు 7 నాటి లెక్కలు చూడండి. మన కాలమానం ప్రకారం ముదురు నీడ చంద్రుడిని తాకింది రాత్రి 9 గంటల 57 నిమిషాలకు. చంద్రుడు పూర్తిగా నీడలో మునిగింది 11 గంటల 1 నిమిషానికి. అర్ధరాత్రి దాటాక 12 గంటల 23 నిమిషాలకు మొదటి వెలుగు తిరిగి వచ్చింది. ముదురు నీడ పూర్తిగా వదిలింది 1 గంట 27 నిమిషాల ప్రాంతంలో. ఆ రాత్రి 10 గంటలకే తీసిన సంపూర్ణ అరుణ చంద్రుడంటూ ఎవరైనా ఫోటో పంపితే, అది ఆ సమయంలో తీసినది కాదని చెప్పడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. ఆ వేళకు నీడ చంద్రుడి తూర్పు అంచును, అంటే మనకు ఎడమచేతి వైపు కనిపించే అంచును, అప్పుడే తాకి ఉంటుంది.

స్థలం తెలిస్తే రెండవ పరీక్ష చేయవచ్చు. ఆ రాత్రి సంపూర్ణ దశ సాగినంతసేపూ హైదరాబాదులో చంద్రుడు దిక్చక్రానికి 60 డిగ్రీలకు పైనే ఉన్నాడు. నేల అంచునుంచి నడినెత్తికి ఉన్న దూరంలో మూడింట రెండు వంతులు ఎక్కిన ఎత్తు అది. తల బాగా పైకెత్తి చూడవలసిన చంద్రుడు ఆ సమయంలో చార్మినారు పక్కన, ఇళ్ల కప్పులకు ఆనుకుని, పెద్ద ఎర్రని పళ్లెంలా కనిపించడం సాధ్యం కాదు. అటువంటి చిత్రం ఆ తేదీ పేరుతో వస్తే రెండు అవకాశాలున్నాయి. అది కల్పించిన చిత్రమైనా కావాలి, వేరొక రోజు తీసినదైనా కావాలి.

ఈ రెండవ అవకాశాన్ని తేలికగా తీసుకోవద్దు. 2018 జనవరి 31న హైదరాబాదులో చంద్రుడు సాయంత్రం ఆరుంబావు ప్రాంతంలో ఉదయించాడు. అప్పటికే గ్రహణం నడుస్తోంది. సంపూర్ణ దశ 6 గంటల 21 నిమిషాలనుంచి 7 గంటల 37 నిమిషాల వరకు సాగింది. అంటే ఆ సాయంత్రం ఎర్రని చంద్రుడు నేలకు దగ్గరగా, భవనాల నడుమ, నిజంగానే కనిపించే అవకాశం ఉంది. అప్పటి ఫోటోను ఇవాళ్టిదని పంపితే ఫోటో నిజం, తేదీ అబద్ధం. పాత ఎక్స్‌రే మీద కొత్త తేదీ వేయడం వంటిదే ఇది.

దీనికి భిన్నమైన ఉదాహరణ 2026 మార్చి 3 నాటి గ్రహణం. అది కూడా సంపూర్ణ గ్రహణమే. అయితే దాని సంపూర్ణ దశ మన కాలమానంలో సాయంత్రం 4 గంటల 34 నిమిషాలనుంచి సుమారు 5 గంటల 33 నిమిషాల వరకే. హైదరాబాదులో చంద్రోదయం ఆ తరువాతనే. తెలుగువారు తమ ఊళ్లనుంచి చూడగలిగేది సుమారు 6 గంటల 47 నిమిషాలకు ముగిసే పాక్షిక దశ చివరి భాగమే. కనుక ఆ తేదీతో హైదరాబాదులో తీసిన సంపూర్ణ గ్రహణపు ఫోటో అంటూ ఏదైనా వస్తే సందేహించక తప్పదు.

మూడవ పరీక్ష పరిమాణం. ఆకాశంలో చంద్రుడి వెడల్పు దాదాపు అర డిగ్రీ. చేయి చాచి చిటికెన వేలు అడ్డం పెడితే చంద్రుడు పూర్తిగా మరుగై ఇంకా చోటు మిగులుతుంది. ఒక వస్తువు చంద్రుడంత కనిపించాలంటే అది తన కొలతకు సుమారు 115 రెట్ల దూరంలో ఉండాలి. 50 మీటర్ల గోపురం పూర్తిగా చంద్రబింబంలో ఇమిడినట్లు కనిపించాలంటే ఫోటో తీసిన వ్యక్తి ఆ గోపురానికి దాదాపు 5.7 కిలోమీటర్ల దూరంలో, శక్తిమంతమైన లెన్సుతో నిలబడి ఉండాలి. ఇది అసాధ్యం కాదు. నిపుణులు దూరం లెక్కగట్టి మరీ ఇటువంటి చిత్రాలు తీస్తారు. అయితే గోపురం ముందు నిలబడిన భక్తుల ముఖాలు దగ్గరగా, స్పష్టంగా కనిపిస్తూ, వెనుక చంద్రుడు గోపురమంత ఉంటే రెండు చిత్రాలను అతికించారని అర్థం.

ఆకారం, రంగు

గ్రహణం పట్టిన చంద్రుడికీ నెలవంకకూ తేడా ఉంది. చంద్రగ్రహణం పౌర్ణమినాడే వస్తుంది. తదియ చంద్రుడిలో వెలుగు చీకట్లను వేరుచేసే గీత చంద్రుడి ఒక కొననుంచి సరిగ్గా ఎదుటి కొనకు చేరుతుంది. ఆ గీత వెంబడి గుంటల నీడలు కొట్టొచ్చినట్లు కనిపిస్తాయి. గ్రహణంలో అంచు అలా ఉండదు. భూమి నీడ అక్కడ చంద్రుడికంటె రెండున్నర రెట్లకు పైగా వెడల్పు ఉంటుంది గనుక దాని అంచు పెద్ద వలయంలో ఒక ముక్కలా, మెత్తగా, పొగబారినట్లు కనిపిస్తుంది. గుంటల నీడలు అక్కడ ఉండవు. నెలవంకకు ఎర్రరంగు పూసి గ్రహణమని పంపిన చిత్రాన్ని ఈ ఒక్క గుర్తుతో పట్టుకోవచ్చు.

చంద్రుడు ఎల్లప్పుడూ ఒకే ముఖాన్ని మనవైపు తిప్పి ఉంటాడు. మన పెద్దలు కుందేలు అన్న ఆ నల్లని మచ్చలు గ్రహణ సమయంలోనూ అవే. ఉదయించే వేళకూ అస్తమించే వేళకూ ఆ రూపం పక్కకు వాలినట్లు తిరగవచ్చు, మచ్చల అమరిక మాత్రం మారదు. మచ్చలు పొసగని బింబం చంద్రుడిది కాదు. అలాగే చంద్రబింబం నల్లబడిన భాగంలో నక్షత్రం మెరుస్తున్నట్లు ఉంటే ఆ చిత్రాన్ని పక్కన పెట్టండి. నక్షత్రాలు చంద్రుడికి ఎంతో వెనుక ఉన్నాయి. బింబంలో చీకటిగా ఉన్న భాగం కూడా వాటికి అడ్డమే.

రంగు విషయంలో తొందరపడి తీర్పు చెప్పకూడదు. సంపూర్ణ గ్రహణంలో చంద్రుడు ఎర్రబడటానికి కారణం భూవాతావరణం. మన గాలి పొర గుండా వంగి వెళ్లిన సూర్యకాంతిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ఆ సమయంలో భూమి చుట్టూ జరుగుతున్న ఉదయాస్తమయాల వెలుగే చంద్రుడి మీద పడుతోందని చెప్పవచ్చు. గాలిలో ధూళి ఎక్కువైతే చంద్రుడు మరింత నల్లబడతాడు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలిన తరువాత, 1992 డిసెంబరు 9 నాటి గ్రహణంలో చంద్రుడు అసాధారణంగా చీకటిగా కనిపించాడు. ఈ తేడాలను కొలిచేందుకు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త ఆంద్రే డాంజోన్ సున్నానుంచి నాలుగు వరకు ఒక కొలమానం ఏర్పరచాడు. కనుక రెండు ఫోటోలలో రెండు రంగులున్నంత మాత్రాన ఒకటి అబద్ధమని అనలేము. కెమెరా అమరికను బట్టి కూడా రంగు మారుతుంది. అలాగే ఎర్రగా ఉన్నంత మాత్రాన అది గ్రహణమూ కాదు. ఏ పౌర్ణమి సాయంత్రమైనా దుమ్ము నిండిన ఆకాశంలో ఉదయించే చంద్రుడు రాగి బిళ్లలా కనిపిస్తాడు. కామెర్లు లేకున్నా పసుపుపచ్చని దీపం కింద రోగి పచ్చగా కనిపించడం వైద్యులందరికీ తెలిసినదే.

ఫోన్ చేసే సాయం

నేటి ఫోన్ కెమెరా తాను చూసినదాన్ని మాత్రమే చూపుతుందని అనుకోవద్దు. 2023 మార్చిలో ఒక వినియోగదారుడు చంద్రుడి చిత్రాన్ని కావాలని మసకబరచి, కంప్యూటర్ తెరమీద ఉంచి, చీకటి గదిలో దూరంనుంచి ఒక ప్రసిద్ధ సంస్థ ఫోన్‌తో ఫోటో తీశాడు. తెరమీద లేని గుంటలు, గీతలు ఫోటోలో ప్రత్యక్షమయ్యాయి. చంద్రుడిని గుర్తుపట్టి కృత్రిమ మేధతో వివరాలను మెరుగుపరుస్తున్నామని ఆ సంస్థ ఒప్పుకుంది. ఇక్కడ ఫోటో తీసినవారిలో మోసం లేదు. వారు నిజంగానే మేడమీద నిలబడి నిజమైన చంద్రుడినే తీశారు. అయినా బొమ్మలోని ప్రతి గీతా చంద్రుడినుంచే వచ్చిందని చెప్పలేము. ఇక మాటలు టైపు చేస్తే చాలు బొమ్మ గీసి ఇచ్చే సాధనాలు వచ్చాక, లేని గోపురం మీద లేని చంద్రుడిని ఎవరైనా సృష్టించవచ్చు.

ఒకే ఫ్రేములో వరుసగా పది చంద్రులు కనిపించే చిత్రాలు మరొక రకం. అవి ఒక్కొక్క దశలో తీసిన పది ఫోటోల కూర్పు. తీసినవారు ఆ సంగతి చెబితే అందులో తప్పేమీ లేదు. గ్రహణం పట్టిన చంద్రుడి వెలుగు పౌర్ణమి చంద్రుడి వెలుగుకంటె వేల రెట్లు తక్కువ కాబట్టి, రెండింటినీ ఒకే అమరికతో స్పష్టంగా తీయడం కుదరదు. కూర్పు చేయక తప్పని సందర్భాలూ ఉంటాయి. కూర్పును ఒకే క్షణపు దృశ్యంగా చెప్పినప్పుడే అది అబద్ధమవుతుంది.

ప్రతి డిజిటల్ ఫోటోలోనూ తీసిన తేదీ, సమయం, కెమెరా వివరాలు దాగి ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో ఇవి చెరిగిపోతాయి. కాబట్టి వివరాలు లేనంత మాత్రాన ఫోటో నకిలీ కాదు. వాటిని మార్చడం కూడా సులభమే గనుక వివరాలు ఉన్నంత మాత్రాన అసలూ కాదు. మీకు పంపినవారిని, మీరే తీశారా అని అడగండి. వారు తీయకపోతే ఎవరినుంచి వచ్చిందో అడగండి. రెండు మెట్లు పైకి వెళ్లేసరికి చాలా ఫోటోలకు తల్లిదండ్రులు దొరకరు. గూగుల్‌లో చిత్రాన్నే పెట్టి వెదికే సదుపాయం కూడా ఉంది. అదే చిత్రం ఐదేళ్ల కిందటి పేజీలో కనబడితే ఇక విచారణ అవసరం లేదు.

ఫోటో నిజం, వాక్యం అబద్ధం

ఇప్పటివరకు చెప్పినదంతా మొదటి ప్రశ్నకు సంబంధించినది. ఇక రెండవ ప్రశ్న.

మన భాషలో పెదవి చీలికకు గ్రహణం మొర్రి అని పేరు. రోగం పేరులోనే కారణాన్ని నిర్ణయించేశాము. ఒకవైపు కొంత కొరికినట్లున్న చంద్రుడు, మరొకవైపు పెదవి చీలిన బిడ్డ, ఈ రెండు ఫోటోలను పక్కపక్కన పెడితే వాదన అక్కరలేకుండానే మనస్సు వాటిని ముడివేస్తుంది. మెక్సికోలోనూ ఇటువంటి నమ్మకమే ఉంది. గ్రహణంలో చంద్రుడిని ఏదో కొరికిందనీ, ఆ కాటు బిడ్డ నోటికి సోకుతుందనీ అక్కడి పూర్వులు భావించారు. రెండు దూరదేశాలలో ఒకే నమ్మకం ఉండటం దాని సత్యానికి నిదర్శనం కాదు. రెండు చోట్లా మనుషులు ఒకే పోలికను చూశారు, అంతే. పోలిక కారణం కాదు.

రెండు ఫోటోలూ అసలైనవే అనుకుందాం. అప్పుడు కూడా తేదీలను చూడాలి. గర్భంలో బిడ్డ పై పెదవి ఏర్పడేది నాలుగవ వారంనుంచి ఏడవ వారం మధ్యలో. అంగిలి ఆరునుంచి తొమ్మిది వారాల మధ్య ఏర్పడుతుంది. చాలామంది తల్లులకు గర్భం సంగతి తెలిసేసరికే పెదవి నిర్మాణం సగం పూర్తయి ఉంటుంది. ఎనిమిదవ నెలలో వచ్చిన గ్రహణం అప్పటికే అతుక్కున్న పెదవిని చీల్చలేదు. అంటే ఏడవ నెలలో, ఎనిమిదవ నెలలో ఉన్న గర్భిణిని గదిలో పెట్టి తలుపులు మూయడం ఆ నమ్మకం లెక్క ప్రకారం చూసినా నిష్ఫలమే.

తరువాత సంఖ్యలు. పెదవి లేదా అంగిలి చీలిక ఇంచుమించు వెయ్యి జననాలకు ఒకరిలో కనిపిస్తుంది. మన దేశంలో ఏటా రెండు కోట్లకు పైగా శిశువులు జన్మిస్తున్నారు, అంటే రోజుకు 60 వేలకు దగ్గరగా. ఆ లెక్కన గ్రహణం ఉన్నా లేకున్నా ఏ రోజైనా దేశంలో దాదాపు అరవై మంది బిడ్డలు ఈ లోపంతో పుడతారు. గ్రహణం మరునాడు అటువంటి బిడ్డ ఫోటో కావాలనుకున్నవారికి అది ఎప్పుడూ దొరుకుతుంది. గ్రహణం రాని నెలలో పుట్టిన బిడ్డల ఫోటోలను ఎవరూ పంపరు. అదే ఆకాశం కింద ఆరోగ్యంగా పుట్టిన మిగిలిన 999 మంది ఫోటోలనూ ఎవరూ పంపరు. పంపని ఫోటోలు కూడా సాక్ష్యంలో భాగమేనని గుర్తుంచుకోండి.

ఈ లోపానికి తెలిసిన కారణాలు వేరే ఉన్నాయి. వంశపారంపర్యం, గర్భధారణకు ముందునుంచే అదుపులో లేని మధుమేహం, పొగ తాగడం, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ వంటి మందులు ముప్పును పెంచుతాయి. అలాగని మూర్ఛ మందును మీ అంతట మీరు ఆపకండి. గర్భం ధరించాలనుకున్నప్పుడే వైద్యునితో చర్చించి మార్పించుకోవాలి. చాలా సందర్భాలలో ఒకే ఒక కారణాన్ని వేలెత్తి చూపలేము. చూపలేనిచోట తల్లిని నిందించడం మన అలవాటు. గ్రహణంనాడు కూరగాయలు తరిగావు, బయటికి వచ్చావు అన్న మాట ఆమెను జీవితాంతం వెంటాడుతుంది. ఆ బిడ్డకు కావలసింది సకాలంలో శస్త్రచికిత్స. పెదవికి సాధారణంగా మూడునుంచి ఆరు నెలల మధ్య, అంగిలికి తొమ్మిదినుంచి పద్దెనిమిది నెలల మధ్య చేస్తారు. ఫలితాలు చాలా బాగుంటాయి. అంతకుముందే పాలు పట్టే పద్ధతి నేర్చుకోవాలి, చెవుల పరీక్ష చేయించాలి. శాపమనుకుని బిడ్డను దాచిన కుటుంబం ఈ విలువైన నెలలను పోగొట్టుకుంటుంది.

రోకలి ఫోటో సంగతి కూడా ఇటువంటిదే. పళ్లెంలో నీళ్లు పోసి రోకలిని నిలబెడతారు. అది నిలబడుతుంది. ఫోటోలో మోసం లేదు. అయితే ఆ ఫోటో రుజువు చేసేది రోకలి నిలబడిందనే కాని, గ్రహణం నిలబెట్టిందని కాదు. అడుగున పొన్ను చదునుగా ఉన్న రోకలి ఓపికగా నిలబెడితే ఏ రోజైనా నిలబడుతుంది. గ్రహణం లేని రోజు అదే రోకలిని అదే పళ్లెంలో నిలబెట్టి రెండవ ఫోటో తీయండి. ఒక మందు పనిచేసిందని చెప్పాలంటే మందు ఇవ్వనివారి సంగతి కూడా చూడాలని వైద్యశాస్త్రం అంటుంది. ఆ రెండవ ఫోటో చేసే పని అదే.

ఆజ్ఞను పాటించేముందు

ఇంత పట్టింపు దేనికి, ఒక పూట ఉపవాసంతో మునిగిపోయేదేమిటి అని కొందరు అడుగుతారు. ఆరోగ్యవంతులు ఉపవాసం ఉండవచ్చు, స్నానం చేయవచ్చు, జపం చేసుకోవచ్చు. వారి విశ్వాసంతో నాకు పేచీ లేదు. అందరి శరీరాలూ ఒకటి కావు. 2025 సెప్టెంబరు 7న స్పర్శకాలానికి తొమ్మిది గంటల ముందు, అంటే మధ్యాహ్నం 12 గంటల 57 నిమిషాలకు సూతకం మొదలైందని లెక్కగట్టి, మోక్షకాలం వరకు ఏమీ ముట్టనివారు పన్నెండున్నర గంటలు ఆహారం లేకుండా ఉన్నట్లు. ఉదయం ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్ర గాని తీసుకున్న మధుమేహ రోగి ఇంతసేపు తినకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు దాని లక్షణాలు. గ్రహణ ప్రభావమని చుట్టూ ఉన్నవారు పొరబడి చూస్తూ కూర్చుంటే ప్రాణాపాయం. ఆ సమయంలో స్పృహ ఉన్న రోగికి వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

గర్భిణి గంటల తరబడి నీళ్లు తాగకుండా, మూత్రవిసర్జనకు లేవకుండా, కదలకుండా పడుకోవడం కూడా మంచిది కాదు. నీరు తగ్గితే నీరసం వస్తుంది, మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఉక్కపోత రోజులలో, గాలి ఆడని గదిలో ఇది మరింత కష్టం. రోగులకు, వృద్ధులకు, పసివారికి, గర్భిణులకు ఈ నియమాలలో సడలింపు ఉందని సంప్రదాయం తెలిసిన పెద్దలు, పంచాంగకర్తలు కూడా చెబుతూనే ఉన్నారు. ఆ మాట మాత్రం ఫార్వర్డ్ కావడం లేదు.

చంద్రగ్రహణాన్ని కంటితో నేరుగా చూడవచ్చు. గర్భిణులూ చూడవచ్చు, పిల్లలూ చూడవచ్చు, కెమెరాతోనూ బైనాక్యులర్‌తోనూ చూడవచ్చు. కంటికి ఏ హానీ లేదు. సూర్యగ్రహణం సంగతి వేరు. తగిన ప్రత్యేక ఫిల్టర్ లేకుండా సూర్యుడిని చూస్తే కంటి వెనుక పొర శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఈ రెండింటినీ కలిపి భయపెట్టే సందేశాలను నమ్మవద్దు. రెండింటినీ కలిపి భయం లేదనే సందేశాలనూ నమ్మవద్దు.

మంచి సాక్ష్యం ఎలా ఉంటుంది

ఏ ఫోటోనూ నమ్మవద్దని నా ఉద్దేశం కాదు. అతిగా నమ్మడం ఎంత సోమరితనమో, అన్నిటినీ కొట్టిపారేయడం అంతే సోమరితనం. గ్రహణాలు మానవజాతికి గొప్ప సాక్ష్యాలను ఇచ్చాయి. చంద్రుడి మీద పడే భూమి నీడ అంచు ఎప్పుడూ వంపుగానే ఉంటుందని గమనించి భూమి గుండ్రనిదని అరిస్టాటిల్ వాదించాడు. ఒక్క గ్రహణాన్ని చూస్తే ఆ వాదం నిలవదు, పళ్లెం వంటి బల్లపరుపు వస్తువు కూడా ఒక్కొక్క కోణంలో గుండ్రని నీడనే ఇస్తుంది. సాయంత్రమైనా, అర్ధరాత్రైనా, తెల్లవారుజామైనా, ఏ గ్రహణంలో చూసినా నీడ గుండ్రంగానే ఉంది. అన్ని కోణాలలోనూ గుండ్రని నీడనిచ్చేది గోళం ఒక్కటే. బలం ఒక దృశ్యంలో లేదు, అనేక దృశ్యాల పొందికలో ఉంది. క్రీస్తుశకం 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు భూమి నీడ చంద్రుడిని కప్పడమే చంద్రగ్రహణమని వివరించాడు. ఆ నీడ పరిమాణాన్ని లెక్కగట్టే పద్ధతినీ ఇచ్చాడు.

ఆ గణిత సంప్రదాయపు ఫలమే మన ఇళ్లలోని పంచాంగం. గ్రహణం ఫోటోను పరీక్షించడానికి ఇంట్లో ఉన్న మంచి సాధనం అదే. స్పర్శ, నిమీలన, మధ్య, ఉన్మీలన, మోక్ష కాలాలు అందులో ఉంటాయి. ఫోటోతో వచ్చిన సమయాన్ని వాటితో పోల్చండి. రాహువు ఇష్టం వచ్చినప్పుడు మింగేదైతే నెలల ముందుగా నిమిషాలతో సహా అచ్చువేయడం ఎవరికి సాధ్యం?

ఈసారి గ్రహణం రాత్రి వీలైతే మీరే మేడ ఎక్కండి. పిల్లలను వెంట తీసుకువెళ్లండి. పావుగంటకొకసారి ఒక ఫోటో తీసి, సమయం, ఊరు రాసి పెట్టండి. బొమ్మలు మసకగా ఉన్నా ఫరవాలేదు. సమయం, స్థలం, తీసినవారి పేరు ఉన్న మీ మసక ఫోటోల వరుస, ఊరూ పేరూ లేని అద్భుత చిత్రంకంటె మంచి సాక్ష్యం. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెనూ పిలిచి చూపించండి. మందులు వేసుకునేవారు ఆ రాత్రి వేళకు అన్నం తిని మందు వేసుకున్నారో లేదో కూడా ఒకసారి అడగండి.